మిస్ ఇండియాకు ఏ రాష్ట్రం తరఫున వెళ్లాలి, ముందు దేనికి సిద్ధపడాలి

మీ చెల్లికి 21 ఏళ్లు, ఎత్తు "5.4", సొంతూరు తెనాలి దగ్గర, చదువు బెంగళూరులో. ఫెమినా మిస్ ఇండియాకు ఆంధ్రప్రదేశ్ నుంచి దరఖాస్తు చెయ్యాలా, కర్ణాటక నుంచి చెయ్యాలా అన్నది మీ మొదటి ప్రశ్న. గౌనుకు లక్ష రూపాయలు పక్కన పెట్టాం, సరిపోతాయా అన్నది రెండోది.

ముందు రెండోదానికి జవాబు చెప్తాను. ఆ లక్ష ఇప్పుడు ముట్టుకోకండి. గౌను పని పడేది ఆఖర్న. దరఖాస్తు పెట్టినవాళ్లలో చాలామంది అక్కడి దాకా రానేరారు. ఫారం, ఫొటోలు, నిమిషం వీడియో, ప్యానెల్ (ఎంపిక చేసేవాళ్ల బృందం) ముందు ఐదు నిమిషాల మాట, ఈ నాలుగు గుమ్మాల దగ్గరే ఆగిపోతారు. కుటుంబాలు డబ్బూ కాలమూ పెట్టేది మాత్రం ఐదో గుమ్మం మీద. మీరు ఆ వరస తిప్పి వెళ్లండి.

1994 మిస్ ఇండియా ఫైనల్లో సుస్మితా సేన్ వేసుకున్న గౌను సంగతి ఆవిడే చెప్పారు. గుడ్డ ఢిల్లీ సరోజినీ నగర్ బజార్లో కొన్నది, కుట్టింది ఇంటి దగ్గర లంగాలు కుట్టే దర్జీ, చేతి తొడుగులు కొత్త నల్ల సాక్సులు కత్తిరించి చేసుకున్నవి. ఆ రాత్రి ఐశ్వర్యా రాయ్‌తో మార్కులు సమానమైతే, విజేతను తేల్చింది ఒక్క అదనపు ప్రశ్న. మన దేశపు నేత సంప్రదాయం గురించి అడిగితే సుస్మిత గాంధీజీ ఖాదీతో మొదలుపెట్టి జవాబు చెప్పి గెలిచారు. తయారీలో దేని బరువు ఎంతో దీన్ని బట్టి లెక్క వేసుకోండి.

ఇక రాష్ట్రం సంగతి. 2017 నుంచి ఈ పోటీ రాష్ట్రాల వారీగా నడుస్తోంది. ఆ ఏడాది 30 మంది ఫైనల్‌కు వచ్చారు. హర్యానా పట్టీతో (భుజం మీంచి తుంటి దాకా ఏటవాలుగా వేసే, రాష్ట్రం పేరున్న గుడ్డ) వచ్చిన మానుషి ఛిల్లర్ గెలిచి, అదే ఏడాది చైనాలోని సాన్యాలో మిస్ వరల్డ్ అయ్యారు. తర్వాత కిరీటం 2018లో తమిళనాడుకు (అనుక్రీతి వాస్), 2019లో రాజస్థాన్‌కు (సుమన్ రావు), 2020 పోటీలో తెలంగాణకు (మానస వారణాసి, ఫైనల్ జరిగింది 2021 ఫిబ్రవరిలో), 2022లో కర్ణాటకకు (సినీ శెట్టి), 2023లో మళ్లీ రాజస్థాన్‌కు (నందినీ గుప్తా), 2024లో మధ్యప్రదేశ్‌కు (నికితా పోర్వాల్) వెళ్లింది. 2018లో రెండో రన్నరప్‌గా నిలిచిన శ్రేయా రావు కామవరపుది ఆంధ్రప్రదేశ్ పట్టీ. కలిసొచ్చే రాష్ట్రం, కలిసిరాని రాష్ట్రం అంటూ లేవని ఈ వరస చూస్తేనే తెలుస్తుంది.

"బెంగళూరు, ముంబై, ఢిల్లీల్లో పోటీ ఎక్కువ, చిన్న రాష్ట్రం నుంచి వెయ్యండి" అని చాలామంది సలహా ఇస్తారు. సగం నిజమే. పెద్ద నగరాలున్న రాష్ట్రాల్లో మోడలింగ్ అనుభవం ఉన్న అమ్మాయిలు ఎక్కువమంది దరఖాస్తు చేస్తారు. కానీ గెలిస్తే భుజాన పడేది ఆ రాష్ట్రం పేరు. ప్యానెల్ అడిగేది ఆ రాష్ట్రం గురించి, ఆ ఊరి పత్రికలు పలకరించేది ఆ భాషలో. కాబట్టి ఒక పరీక్ష పెట్టండి. కాగితం చూడకుండా, ఆగకుండా, ఐదు నిమిషాలు చెల్లి ఏ రాష్ట్రం గురించి మాట్లాడగలదు? అక్కడి నేల, నీళ్లు, పని, పంట, గొడవ, ఆట, అన్నీ కలిపి. మూడేళ్ల హాస్టల్ జీవితంతో కర్ణాటక గురించి ఐదు నిమిషాలు రావడం కష్టం. తెనాలి దగ్గర పుట్టి పెరిగిన పిల్లకు ఆంధ్రప్రదేశ్ గురించి పది నిమిషాలు రావాలి. పుట్టిన రాష్ట్రం, నివాసం, చదువు వీటిలో దేన్ని ఆధారంగా ఒప్పుకుంటారో, ఏ పత్రం అడుగుతారో ఆ ఏటి దరఖాస్తు నియమాల్లో చదివి, పేరు సరిపోయే పత్రం ఉన్న రాష్ట్రాన్నే రాయండి. రెండు రాష్ట్రాల నుంచి రెండు ఫారాలు పెట్టే పని మాత్రం చెయ్యొద్దు. ఆ సంగతి బయటపడితే రెండూ పోతాయి.

పోటీ పేరు కూడా సరిచూసుకోండి. "మిస్ ఇండియా" అన్న మాట పక్కన ఇంకో మాట చేర్చి బోలెడు పోటీలు నడుస్తుంటాయి. ఫెమినా మిస్ ఇండియా విజేత వెళ్లేది మిస్ వరల్డ్‌కు. మిస్ యూనివర్స్‌కు పంపే పోటీ వేరు. 2024 నుంచి అది మిస్ యూనివర్స్ ఇండియా పేరుతో వేరే సంస్థ చేతిలో ఉంది. ఆ ఏడాది జైపూర్‌లో గెలిచిన రియా సింఘా గుజరాత్ అమ్మాయి. నియమాలూ వేరు. మిస్ యూనివర్స్ 2023లో పెళ్లైనవాళ్లకు, తల్లులకు దారి తెరిచింది, 2024 నుంచి గరిష్ట వయసు తీసేసింది. మిస్ వరల్డ్ దారిలో పెళ్లి కాకూడదన్న నియమం ఉంది, వయసుకు పై హద్దు కూడా ఉంది. ఎవరైనా "మా పోటీ గెలిస్తే అంతర్జాతీయ వేదిక" అంటే ఒక్కటే అడగండి: ఏ అంతర్జాతీయ పోటీకి, మన దేశం నుంచి అమ్మాయిని పంపే లైసెన్సు ఈ ఏడాది ఎవరిది? ఆ అంతర్జాతీయ సంస్థ సొంత వెబ్‌సైట్లో భారత్ పక్కన ఆ పేరు కనిపించకపోతే అక్కడితో వదిలెయ్యండి.

ఇప్పుడు ఎత్తు. మీరు "5.4" అని రాశారు. ఫారాల్లో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. 5 అడుగుల 4 అంగుళాలంటే 162.6 సెంటీమీటర్లు. దశాంశంగా 5.4 అడుగులంటే 164.6 సెంటీమీటర్లు. రెండు సెంటీమీటర్ల తేడా. ఫారంలో ఎక్కువ రాసి, అక్కడ కొలిచినప్పుడు తగ్గితే, ఎత్తు చాలక కాదు, అబద్ధం రాసిందన్న అనుమానంతో ఆపుతారు. ఫెమినా మిస్ ఇండియాలో ఒకప్పుడు 5 అడుగుల 5 అంగుళాలు అడిగేవారు, 2020 పోటీకి 5 అడుగుల 3 అంగుళాలకు తగ్గించారు. కాబట్టి పాత సంఖ్య పట్టుకుని భయపడొద్దు, ధీమాగానూ ఉండొద్దు. మీరు వేసే ఏటి ప్రకటన చూడండి. కొలత ఇలా తీయండి: చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని, మడమలు, పిరుదులు, భుజాల వెనక భాగం గోడకు తాకేలా నిలబెట్టండి. జుట్టు ముడి ఉండకూడదు. చూపు నేరుగా ముందుకు ఉండాలి, గడ్డం పైకెత్తకూడదు. గట్టి అట్ట పుస్తకాన్ని గోడకు లంబంగా ఆనించి తల మీదకు దించి గీత గీయండి. టైలరు టేపు సాగుతుంది, స్టీలు టేపుతో కొలవండి. పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి. పగలంతా వెన్నెముక అణగడం వల్ల సాయంత్రానికి సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. సాయంత్రం వచ్చిన సంఖ్యే రాయండి. ఏ వేళ కొలిచినా దానికి తగ్గదు.

ఫొటోల్లో చూసేది అందం కాదు, అసలు రూపం. ఇది చాలామందికి మింగుడుపడదు. స్టూడియోలో చర్మం నున్నగా చేసిన బొమ్మ పంపితే, చూసేవాళ్లకు ఏమీ తెలియదు, అందుకే పక్కన పెడతారు. ముఖం దగ్గర నుంచి ఒకటి, నడుము దాకా ఒకటి, నిలువెత్తుది ఒకటి, పక్క నుంచి ఒకటి ఉండాలి. ఒక దాంట్లో జుట్టు పూర్తిగా వెనక్కి కట్టి చెవులు, దవడ గీత కనబడాలి. ఒంటికి పట్టిన నల్ల టాపు, జీన్సు, ముద్రలు లేని గోడ చాలు. ఉదయం తొమ్మిది, పదింటికి కిటికీకి ఎదురుగా నిలబెట్టండి. నెత్తి మీద ట్యూబులైటు ఆపండి, లేకపోతే కళ్ల కింద నీడ పడి నిద్రలేనట్టు కనిపిస్తుంది. ఫోన్‌తో తీసేటప్పుడు ముఖానికి మరీ దగ్గరగా పెడితే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. రెండు రెట్ల లెన్సు పెట్టి రెండు మీటర్ల దూరం నుంచి తీయండి. నిలువెత్తు ఫొటోకు మూడు మూడున్నర మీటర్ల దూరం, ఫోను నాభి ఎత్తులో ఉండాలి. కంటి ఎత్తు నుంచి తీస్తే కాళ్లు పొట్టివౌతాయి, నేల నుంచి తీస్తే తల చిన్నదౌతుంది. బ్యూటీ మోడ్ ఆపేశారో లేదో సెట్టింగుల్లోకి వెళ్లి చూడండి, చాలా ఫోన్లలో దానంతటదే వేసి ఉంటుంది.

వీడియోకు నిమిషం ఇస్తే 55 సెకన్లకు ముగించండి. ఇంగ్లీషులో 120 మాటలకు మించి రాయొద్దు. తెలుగులో మాటలు పొడుగు కాబట్టి 80 చాలు. "నమస్కారం, నా పేరు ఫలానా, నాకు డాన్సంటే ఇష్టం, ప్రయాణాలంటే ఇష్టం" అనే పాఠం చూసేవాళ్లు పొద్దుటి నుంచి వందసార్లు విని ఉంటారు. పేరు, ఊరు ఐదు సెకన్లలో అయిపోవాలి. ఆరో సెకనులో ఆ అమ్మాయి మాత్రమే చెప్పగల ఒక్క వాక్యం రావాలి. ఫ్యాను, ఏసీ ఆపండి. ఖాళీ గదిలో గొంతు మోగుతుంది, మంచం మీద పరుపు, దుప్పట్లు ఉన్న గది ఎంచుకోండి. ఫోను మీటరున్నర లోపు ఉంటే మైకు లేకున్నా మాట తేటగా వస్తుంది. కాగితం చూసి చదివితే కళ్లు పక్కలకు కదులుతుంటాయి, ఎంత దాచినా తెలిసిపోతుంది. పంపేముందు శబ్దం తీసేసి ఒకసారి చూడండి, బొమ్మ చూడకుండా ఒకసారి వినండి. మొదటిదాంట్లో చేతుల వణుకు, రెండోదాంట్లో "ఆ... సో..." అనే సాగతీత దొరికిపోతాయి.

నడక. దీనికి కనీసం పన్నెండు వారాలు కావాలి, ఎందుకంటే మారాల్సింది పిక్కల కండరం, పాదం అలవాటు. వీటికి తొందరపాటు పనికిరాదు. మొదటి రెండు వారాలు రెండంగుళాల మడమ (హీల్) ఉన్న జోడుతో, రోజుకు 20 నిమిషాలు. తర్వాత మూడున్నర, ఆరో వారానికి వేదిక మీద వేసుకునే ఎత్తు, రోజుకు 40 నిమిషాలు. జోడు మడమ ఐదంగుళాలుండి, ముందు పాదం కింద అట్ట (ప్లాట్‌ఫాం) అంగుళం ఉంటే పాదం మోసేది నాలుగంగుళాల వాలే. అందుకే 5 అడుగుల 4 అంగుళాల అమ్మాయికి ముందు అట్ట ఉన్న జోడే మేలు. జోడు సాయంత్రం కొనండి, అప్పుడు పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ఒక సైజు వదులైతే వేళ్లు ముడుచుకుని పట్టుకోవాల్సి వస్తుంది, ఆ పట్టు మోకాళ్లకు పాకుతుంది, మోకాళ్లు వంగిన నడకకు సగం కారణం ఇదే. మిగతా సగం, తాహతుకు మించిన హీల్ ఎత్తు.

నేల మీద రంగు టేపుతో ఎనిమిది మీటర్ల గీత అంటించండి. పాదాలు గీతకు రెండు పక్కలా దాన్ని తాకుతూ పడాలి. గీత మీదే ఒకదాని ముందొకటి వేస్తే నడుము అతిగా ఊగి, తిరిగేచోట తూలుతారు. అడుగు పొడవు మామూలు నడక కంటే కొంచెం ఎక్కువ చాలు. చూపు గీత మీద కాదు, ఎదురుగా గోడ మీద కంటి ఎత్తులో పెట్టిన గుర్తు మీద. చేతులు భుజం నుంచి కదలాలి, మోచేతి నుంచి కదిపితే కవాతులా ఉంటుంది. చివర ఆగి నిలబడేది మూడు సెకన్లు. చాలామంది ఒక సెకనుకే తిరిగేస్తారు, ఫొటోగ్రాఫరుకు దొరకరు. లోపల "ఒకటి, రెండు, మూడు" లెక్కపెట్టుకోవడం అలవాటు చెయ్యండి. తిరిగేటప్పుడు ముందు పాదం, తర్వాత నడుము, భుజం, ఆఖర్న తల. తల ముందు తిరిగితే వెళ్లిపోవడానికి తొందరపడుతున్నట్టు కనిపిస్తుంది. వేదిక నేల అద్దంలా ఉంటుంది, కింద ఎల్‌ఈడీ పలకలుంటే ఇంకా జారుడు. కొత్త జోడు అడుగున గరుకు కాగితం రుద్దండి, లేదా పలుచని రబ్బరు అట్ట అంటించండి. ఇది మర్చిపోయి జారిపడినవాళ్లు తక్కువేం కాదు.

అన్నిటికంటే ఎక్కువ పని ఉన్నది మాట దగ్గర.

మన అమ్మాయిలకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది, అది ఇంగ్లీషు రాకపోవడం కాదు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. కారణాలన్నీ ముందు పేర్చి, అసలు సంగతి ఆఖర్న చెప్పడం మనకు సహజం. ఇంట్లో అది అందంగానే ఉంటుంది. 30 సెకన్ల జవాబులో మాత్రం అసలు సంగతి రాకముందే గంట మోగుతుంది. భాష ఏదైనా, చెల్లి చేత మొదటి వాక్యంలోనే తేల్చి చెప్పించండి. 2017లో సాన్యాలో మానుషి ఛిల్లర్‌ను అడిగింది, ఏ వృత్తికి అందరికంటే ఎక్కువ జీతం దక్కాలి, ఎందుకు అని. ఆవిడ తేల్చిన మాట ఒకటే, అమ్మ. తర్వాత, జీతమంటే డబ్బే కాదు, ప్రేమ, గౌరవం కూడా అని దాన్ని నిలబెట్టారు. ఆ అభిప్రాయంతో ఏకీభవించక్కర్లేదు, కానీ విన్నవాళ్లకు ఆవిడ ఏమందో మర్నాడు కూడా గుర్తుంది.

30 సెకన్లకు నాలుగైదు వాక్యాలు, ఇంగ్లీషులో అయితే 65 మాటలు చాలు. తేల్చిన మాట ఒకటి, ఒకే ఒక్క కారణం, ఒక ఉదాహరణ, ఆపెయ్యడం. ఆపెయ్యడం రానివాళ్లు "కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే" అని మళ్లీ మొదలుపెడతారు, అక్కడ మార్కులు జారతాయి.

ఉదాహరణకు ప్యానెల్ ఇలా అడిగిందనుకోండి: "మీ రాష్ట్రం గురించి దేశానికి తెలియని ఒక సంగతి చెప్పండి." సాధారణంగా వచ్చే జవాబు: "ఆంధ్రప్రదేశ్ గొప్ప సంస్కృతి, వారసత్వం ఉన్న రాష్ట్రం, మా ఆతిథ్యం, మా వంటలు..." రాష్ట్రం పేరు మార్చితే 28 రాష్ట్రాలకూ సరిపోతుంది, అందుకే దానికి విలువ లేదు. ఇలా చెప్పి చూడమనండి: "మచిలీపట్నం కలంకారీలో కలమే ఉండదు. అక్కడ చెక్క అచ్చులతో గుడ్డ మీద అద్దుతారు. కలంతో చేత్తో గీసేది శ్రీకాళహస్తిలో. పేరు ఒకటే, పని రెండు రకాలు, కళాకారులు వేరు. కొనేవాళ్లకు ఈ తేడా తెలిస్తే చేతి పనికి సరైన ధర అడగగలుగుతారు." ఇందులో ఊరుంది, వస్తువుంది, తెలియని సంగతి ఉంది, ఎవరికి మేలో ఉంది. ప్యానెల్ అక్కడితో ఆగదు, "ఆ రంగులు ఎలా చేస్తారు?" అంటుంది. శ్రీకాళహస్తి పనిలో గుడ్డను కరక్కాయ కలిపిన పాలల్లో నానబెడతారని, నలుపు రంగు ఇనుప ముక్కలు, బెల్లం నానేసి తీస్తారని తెలిసి ఉండాలి. ప్రతి సంగతికీ ఒక మెట్టు లోపలికి చదవాలన్నమాట. పది సంగతులు పైపైన కాకుండా, నాలుగు సంగతులు రెండు మెట్లు లోతుగా తెలుసుకుంటే చాలు. ఒకటి చేతి పని, ఒకటి నీళ్లు లేదా పంట, ఒకటి ఆడపిల్లల చదువు లేదా ఆరోగ్యం, ఒకటి సొంత ఊరు. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని ఎందుకంటారో, ఆ ఊరి నాటక సమాజాల సంగతేమిటో చెల్లికి తెలిసి ఉండాలి. ఊరి పేరు ఫారంలో ఉంటుంది కాబట్టి అడగడానికి చాలా అవకాశం ఉంది.

సాధన ఇలా చెయ్యండి. చీటీల మీద 60 ప్రశ్నలు రాసి డబ్బాలో వెయ్యండి. రోజుకు ఐదు తీసి, ఆలోచించడానికి ఐదు సెకన్లు ఇచ్చి, ఫోన్లో రికార్డు చెయ్యండి. ప్రశ్నలు అడిగే మనిషి మారుతూ ఉండాలి. అన్న అడిగితే చెప్పగలిగిన పిల్ల, ముక్కూ మొహం తెలియని పెద్దాయన అడిగితే తడబడుతుంది. జవాబులు బట్టీ పట్టించొద్దు. బట్టీ పట్టిన జవాబు ఒక్క మాట దగ్గర తెగితే మొత్తం పోతుంది, పైగా ప్రశ్న కొంచెం మారినా పాత జవాబే నోటికొస్తుంది. తెలియని ప్రశ్న వస్తే "దీని గురించి నాకు సరిగ్గా తెలియదు, నాకు తెలిసినంతలో..." అనడం తప్పు కాదు. తెలిసినట్టు అంకెలు కల్పించడం తప్పు. ప్యానెల్లో ఆ రంగం మనిషి ఉండొచ్చు.

ప్రతిభ ప్రదర్శన ఉన్న ఏడాదైతే, 60 నుంచి 90 సెకన్లకు మించి దొరకదు. కూచిపూడి నేర్చుకున్నవాళ్లు తరంగం చెయ్యాలనుకుంటారు, ఇత్తడి పళ్లెం అంచు మీద అడుగులు కనుక కళ్లకు పండగ. కానీ ఎల్‌ఈడీ నేల మీద పళ్లెం జారుతుంది, గీతలు పడతాయని నిర్వాహకులు వద్దనే అవకాశమూ ఉంది. ముందే రాసి అడగండి, పళ్లెం లేని ఇంకో అంశం సిద్ధంగా ఉంచండి. పాట మొదలు నుంచి కాకుండా వేగం అందుకున్న చోటు నుంచి కత్తిరించి, రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టుకోండి.

బట్టల దగ్గర ఒక్క సంగతి ఎవరూ చెప్పరు, పట్టీకి చీరకు పడదు. మన కొంగు ఎడమ భుజం మీద వస్తుంది. పట్టీ కూడా ఎడమ భుజం మీదకే వచ్చేటట్టుంటే రెండూ కలిసి ఉబ్బి, రాష్ట్రం పేరు మడతలో దాక్కుంటుంది. ఏ భుజమో ముందే కనుక్కోండి. అప్పుడు కొంగు మడతలు నాలుగంగుళాల వెడల్పుకు సన్నగా పెట్టి, భుజం వెనక రెండు పిన్నీసులతో బిగించి, దాని మీద పట్టీ వేసి తుంటి దగ్గర లోపలి నుంచి ఒక పిన్ను పెట్టాలి. జుట్టు పట్టీ లేని భుజం వైపుకు. కుచ్చిళ్లు హీల్స్ వేసుకునే పెట్టాలి, ఒట్టి కాళ్లతో పెడితే వేదిక మీద మూడంగుళాల పాదం బయటికొస్తుంది. మంగళగిరి, వెంకటగిరి లాంటి పలుచని నేత అయితే లోపల గేరా తక్కువున్న లంగా, ధర్మవరం లాంటి బరువు పట్టుకు నాడా కాకుండా వెడల్పు నడుం పట్టీ ఉన్న లంగా వాడండి. పట్టు బరువుకు నాడా జారుతుంది.

గౌను కుట్టించే రోజు వస్తే, ముందు అంచు హీల్స్ వేసుకున్న మీదట నేలకు అరంగుళం పైన ఉండాలి. నేలను తాకే గౌను వేసుకున్న అమ్మాయి అడుగడుగునా దాన్ని తన్నుకుంటూ నడవాలి. పోటీ ముందు అదే గౌనుతో కనీసం నాలుగుసార్లు మెట్లు ఎక్కి దిగాలి. వేదిక వెనక ముదురు రంగు తెర ఉంటే నలుపు, ముదురు నీలం దానిలో కలిసిపోతాయి.

చర్మం, ఒళ్లు గురించి క్లుప్తంగా. ఫైనల్ ముందు నాలుగు వారాల్లో కొత్త క్రీము, కొత్త ఫేషియల్, పీల్ ఏదీ వద్దు. రంగు తగ్గించే క్రీముల జోలికి అసలు పోవద్దు. కొన్నింటిలో స్టెరాయిడ్లు ఉంటాయి, ఆపగానే ముఖం ఎర్రబడి మొటిమలు లేస్తాయి. చామనఛాయ ఎక్కడా లోపం కాదు. లోపమల్లా, ముఖానికి ఒక రంగు, మెడకు ఒక రంగు వచ్చేలా తెల్లటి ఫౌండేషన్ వెయ్యడం. టైటానియం, జింకు ఉన్న సన్‌స్క్రీను మీద, కొన్ని తెల్ల పౌడర్ల మీద ఫ్లాష్ పడితే ముఖం సున్నం కొట్టినట్టు వస్తుంది, ముందే చీకటి గదిలో ఫ్లాష్ వేసి ఫొటో తీసి చూడండి. తిండి మానేసి బరువు తగ్గించొద్దు. రిహార్సల్స్ పొద్దున మొదలై రాత్రి దాకా, హీల్స్ మీద నిలబడే సాగుతాయి, కళ్లు తిరిగి పడేది అలా వచ్చినవాళ్లే. ఇప్పుడే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించి, తక్కువుంటే డాక్టరుతో మాట్లాడండి. రక్తం కోలుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

మిస్ వరల్డ్ దారిలో సేవా కార్యక్రమానికి బరువు ఉంది. మిస్ వరల్డ్ సంస్థకు చెందిన జూలియా మోర్లీ 1972లో మొదలుపెట్టిన "బ్యూటీ విత్ ఎ పర్పస్" అందుకే. మానుషి నెలసరి శుభ్రత మీద, మానస వారణాసి పిల్లల రక్షణ మీద పనిచేశారు. ఒక ఆదివారం నోటు పుస్తకాలు పంచి ఫొటో దిగడం ఇక్కడ నిలవదు, "తర్వాత ఏమైంది?" అన్న రెండో ప్రశ్నకే కూలిపోతుంది. ఒక స్కూలు, ఒక సమస్య, ఆరు నెలలు. ఎన్నిసార్లు వెళ్లింది, ఎంతమందితో మాట్లాడింది, ఏది పనిచెయ్యలేదు, ఇవన్నీ తేదీలతో పుస్తకంలో రాయించండి. పనిచెయ్యనిది ఏమిటో చెప్పగలిగిన అమ్మాయిని ప్యానెల్ నమ్ముతుంది. పిల్లల ముఖాలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టొద్దు.

డబ్బు సంగతి. ఎంపిక ఖాయం చేస్తామని, ప్యానెల్లో మాకు తెలిసినవాళ్లున్నారని డబ్బు అడిగేవాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి. శిక్షణకు ఫీజు తీసుకోవడం వేరు, ఎంపిక అమ్మడం వేరు. ఆడిషన్ హోటల్ గదిలో అంటే, చెల్లి ఒక్కతే రావాలంటే, వెళ్లొద్దు. దరఖాస్తు అధికారిక వెబ్‌సైట్ నుంచే పెట్టండి. ఎంపికయ్యాక ఇచ్చే ఒప్పందం అదే రోజు సంతకం పెట్టించుకుంటామన్నా, వకీలు చేత చదివించకుండా పెట్టొద్దు. అందులో చూడాల్సినవి: గడువు ఎన్నాళ్లు, ఆ గడువులో బయటి ప్రకటనలు, సినిమాలు చెయ్యొచ్చా, సంపాదనలో వాటా ఎంత, మధ్యలో మానుకుంటే కట్టాల్సింది ఏమిటి, ఆమె ఫొటోల మీద హక్కు ఎవరిది. చెల్లి చదువు మధ్యలో ఉంది కాబట్టి, ఏడాది సెలవు పెడితే సీటు నిలుస్తుందో లేదో కాలేజీ నుంచి కాగితం మీద తీసుకోండి.

ఈ వారమే మొదలుపెట్టాల్సింది పాస్‌పోర్టు. భారత పాస్‌పోర్టు అడిగే పోటీ ఇది, మన ఇళ్లల్లో అదే ఆఖరి నిమిషం దాకా ఆగుతుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందుండి, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉండి, కాలేజీ కార్డులో అసలు లేకపోవడం మనవాళ్లకు మామూలే. ముందు మూడింటిలో పేరు ఒకటి చేయించండి. ఆ పేరు ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే ఫారంలో రాయండి. చిరునామా తెనాలిది ఉంటే పోలీసు విచారణ అక్కడికే వస్తుంది, ఆ రోజుకు చెల్లి బెంగళూరు నుంచి ఇంటికి వచ్చి ఉండేలా చూసుకోండి.